ఇరవై ఒక్క పళ్ళ గేరు

మాటల్లేని చుట్టాలు ప్రతి ఇంటికీ ఒకరో ఇద్దరో ఉంటారు. అంతమాత్రాన పనులు ఆగుతాయా? మనిషితో చెప్పాల్సిన మాట గోడతో చెబుతారు. గోడ లేకపోతే గేదెతో చెబుతారు. అవతలివాడు విని, జవాబు తనూ గేదెకే చెబుతాడు. గేదె మధ్యలో గడ్డి నములుతూ ఉంటుంది. పౌరుషమూ చెడదు, పనీ చెడదు. ఇందులో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. వినడం ఇష్టం లేకపోతే, ఆ మాట నాతో కాదు కదా, గేదెతో కదా అని ఊరుకోవచ్చు.

జేమ్స్‌కీ, వాడి చెల్లెలి మొగుడు జాన్‌కీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. జేమ్స్ మెకానిక్కు. బొబ్బిలికి ఆరు కిలోమీటర్ల ఇవతల, రామభద్రపురం రోడ్డు మలుపు దగ్గర వాడి షెడ్డు. కొత్త బళ్ళు వాడి దగ్గరికి రావు, పాత బళ్ళు ఇంకొకడి దగ్గరికి పోవు. చెల్లెలు రూబీని బొబ్బిలిలో డ్రైవరు జాన్‌కిచ్చి తొమ్మిదేళ్ళయింది. స్టీరింగు ముందు జాన్ అంత నెమ్మదస్తుడు లేడు. కుక్క అడ్డొస్తే బండి ఆపి, అది దాటాక కదిలే మనిషి. ఆ నెమ్మదంతా రోడ్డు మీదే ఖర్చయిపోయేదేమో, ఇంటికి మాత్రం చెయ్యి ఒక్కటే తీసుకెళ్ళేవాడు.

కిందటి వానాకాలంలో రూబీ కుడి మణికట్టు విరిగి అన్న గుమ్మంలో కూర్చుంది. జేమ్స్ ఏమీ అడగలేదు. బొబ్బిలి పోయి బావని వీధిలోకి ఈడ్చి కొట్టాడు. జాన్ మాత్రం చేతులు ముడుచుకుంటాడా? జేమ్స్ ముందు పన్నొకటి ఆ వీధిలోనే రాలిపోయింది. "ఇంకోసారి నీతో మాటాడితే నా నోట్లో పురుగులు పడిపోను!" అని నెత్తురు ఉమ్ముతూ ఒట్టేసి వచ్చాడు. కట్టు విప్పిన వారానికి రూబీ పిల్లలిద్దర్నీ తీసుకుని మొగుడి దగ్గరికే వెళ్ళిపోయింది. జేమ్స్ పంతం జేమ్స్ దగ్గరే మిగిలింది. సహోదరుడితో సమాధానపడనివాడు రొట్టె పంచే ప్రభువు బల్లకి రాకూడదని పాస్టరుగారంటే, సరే రానన్నాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం తన వరసకి రాకముందే లేచి చర్చి బయటికొచ్చి నిలబడేవాడు.

జాన్ తోలేది బొబ్బిలి రైసుమిల్లు జగన్నాధంగారి అంబాసిడర్. ఆయన తండ్రి అరవై ఎనిమిదిలో కొన్న తెల్ల కారు. ఆ చుట్టుపక్కల పెళ్ళికొడుకులు అది ఎక్కితే గాని పెళ్ళికొడుకులమని అనుకోరు. దాని స్పీడు ముల్లు చచ్చిపోయి పన్నెండేళ్ళు. 2014 మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే ముందు జగన్నాధంగారికి భయం పట్టుకుంది. "ముసలి బండి. నలభై అయిదు దాటిందా, నీ ఉద్యోగం ఊడుద్ది. ముల్లు బాగుచేయించుకురా," అన్నారు. పాత అంబాసిడర్ గేరుబాక్సు విప్పగలిగినవాడు ఆ రోడ్డు మీద ఒక్కడే. జాన్ రాక తప్పలేదు.

"ఒరే జాకీ, అయ్యగారు ముల్లు ఆడించమన్నారురా," అన్నాడు జాన్, షెడ్డులో జాకీ వైపు చూస్తూ.

"ఒరే స్పేనరూ, బండిని గొయ్యి మీద ఎట్టమని సెప్పు," అన్నాడు జేమ్స్.

ముల్లు కదలాలంటే గేరుబాక్సు వెనకభాగంలో బొటనవేలంత పళ్ళచక్రం ఒకటి తిరగాలి. లోపలి షాఫ్టు దాన్ని తిప్పుతుంది, అది కేబులుని తిప్పుతుంది, కేబులు ముల్లుని లేపుతుంది. ఆ చక్రానికి ఉండాల్సినన్ని పళ్ళే ఉండాలి. ఎక్కువుంటే చక్రం నెమ్మదిగా తిరిగి, ముల్లు తక్కువ చూపిస్తుంది. నిద్రలో లేపి అడిగినా జేమ్స్ ఇది చెబుతాడు. ఒక పంటికి చాక్‌పీసుతో గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి గోరుతో ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టాకే ఏ గేరైనా ఎక్కించడం వాడి అలవాటు.

గోతిలో దిగి కేబులు నట్టు ఊడదీశాడు. మోచేతి దాకా ఆయిలు కారింది. పాత గేరు బయటికి లాగి చూస్తే పళ్ళు అరిగి మొదళ్ళు మాత్రం మిగిలాయి. పక్కనున్న బిస్కెట్ల డబ్బాలో అలాంటివే రెండున్నాయి. చాక్‌పీసు కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

పైన జాన్ స్టెప్నీ టైరు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "ఒరే టైరూ, నిన్న ఇంటిది కూడొండనేదురా. జరమంట. నాలుగు తగిలిస్తే జరమూ దిగింది, కూడూ దిగింది," అని నవ్వాడు.

జేమ్స్ కళ్ళకి ఎదురుగా జాన్ పాదాలున్నాయి. చేతిలో స్పేనరుంది. ఆ చీలమండ మీద ఒక్కటి వేస్తే ఎముక ఎలా చప్పుడవుతుందో వాడికి ముందే వినిపించింది. వేస్తే ఇవాళ రాత్రి ఆ దెబ్బ రూబీకి తిరిగి తగులుతుంది. పళ్ళు కొరుక్కుని, డబ్బాలో చేతికి తగిలిన మొదటి గేరు తీసి, గూట్లోకి తోసి, నట్టు బిగించేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. వాణ్ణి తొందరగా కళ్ళ ముందు నుంచి పంపెయ్యాలన్నది తప్ప జేమ్స్‌కి ఇంకో ఆలోచన లేదు.

రెండు రోజులకి జాన్ మళ్ళీ వచ్చాడు. "ఒరే టైరూ, బండేమో గాలిలాగ పోతన్నాది. ముల్లు సూస్తే నలభై కాడే కూకున్నాది. నాకేటో బాగోనేదురా. ఓపాలి సూడమని సెప్పు."

జేమ్స్ తలెత్తలేదు. ఆకురాయితో ఏదో రాస్తున్నట్టే ఉన్నాడు. జాన్ కాసేపు నిలబడి, గేరు బాగానే ఉంది కాబోలు, లేకపోతే ఈపాటికి స్పేనరుతోనైనా ఏదో ఒకటి అనేవాడు కదా అనుకుని వెళ్ళిపోయాడు.

వాడు పోయాక జేమ్స్ డబ్బా మూత తీశాడు. అరిగిన గేరు మొదళ్ళు లెక్కపెట్టాడు, పదహారు. డబ్బాలో మిగిలినదాన్ని లెక్కపెట్టాడు, అదీ పదహారు. బండిలోకి పోయింది ఇంకో మోడల్ది, ఇరవై ఒక్క పళ్ళది. ముల్లు నలభై అయిదు చూపిస్తే బండి అరవై మీద ఉంటుంది. మార్చడం పది నిమిషాల పని. గోటితో పోయేది. అయినా జేమ్స్ మూత పెట్టేశాడు. "నోటితో అడగమను, సేత్తాను. టైరుకి సెప్తే టైరే సేసుకుంటాది," అని ఖాళీ షెడ్డుకి చెప్పాడు.

ఆ తరవాత నాలుగు రోజులకి, ఉదయం పది గంటలు. మలుపు అవతల రైతు అప్పలసూరి తన ఉలవ పంటని తారురోడ్డు మీద పరిచాడు. ఎడ్లని కట్టి నూర్చే ఓపిక ఇప్పుడెవరికుంది? రోడ్డు మీద వేస్తే బస్సులూ లారీలే నూర్చిపెడతాయి. ఆ దారిన పోయే డ్రైవర్లందరికీ అలవాటే. నెమ్మదిగా తొక్కుకుంటూ పోతారు. అప్పలసూరి భార్య దేముడమ్మ పంగలకర్రతో ఉలవకట్టెని తిరగేస్తోంది.

బంతిపూల దండలతో అంబాసిడర్ షెడ్డు ముందు నుంచి పోయింది. రామతీర్థంలో పెళ్ళికి పెళ్ళికొడుకుని ఎక్కించుకోవడానికి పోతోంది. జేమ్స్ బండి చప్పుడు విన్నాడు. చప్పుడు వింటే చాలు, అది అరవై. లేచి నిలబడ్డాడు. మలుపు దగ్గర బ్రేకు పడింది. ఎండు ఉలవకట్టె మీద చక్రాలు జర్రున జారాయి. తరవాత మెత్తటి చప్పుడొకటి వినిపించింది.

జేమ్స్ స్పేనరుతోనే పరిగెత్తాడు. కారు రోడ్డు పక్క మట్టిగట్టుకి ఆని ఆగి ఉంది. దేముడమ్మ పదడుగుల దూరంలో ఉలవకుప్పలో పడి ఉంది. చెవిలోంచి నెత్తురు కారుతోంది. అప్పలసూరి భార్య మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "దేముడూ! ఒసే దేముడూ!" అని రెండుసార్లు పిలిచాడు. పలకలేదు. "పోనాది! నా దేముడు పోనాది!" అని గుండె బాదుకున్నాడు. కట్టుకున్నవాడే పోయిందన్నాక ఇంకెవరు ముట్టుకుని చూస్తారు? చేలోని ఆడవాళ్ళు దూరం నుంచే శోకాలెత్తుకున్నారు. మగవాళ్ళు ఆరుగురు కారు మీద పడ్డారు.

అప్పలసూరి జాన్‌ని జుట్టు పట్టి కిటికీలోంచే బయటికి లాగాడు. పంగలకర్ర జాన్ వీపు మీద రెండు ముక్కలైంది. అప్పలసూరి తమ్ముడు వాడి మొహం మీద తన్నాడు. గోగునార తాడు తెచ్చి తాటిచెట్టుకి కట్టేశారు. కట్టేశాక కొట్టడం సులువైంది. ఒకరి చెయ్యి నొప్పెడితే ఇంకొకరు అందుకుంటున్నారు.

"నానేటి సేసినాను బాబూ! నలభై అయిదు దాటనేదు! ముల్లు సూసే తోలినాను, నా పిల్లల మీద ఒట్టు!" అని జాన్ ఏడ్చాడు.

"నలభై అయిదుకి మనిషి పదడుగులు ఎగురుద్దేట్రా, నంజికొడకా!" అని తమ్ముడు నోటి మీద గుద్దాడు. పై పళ్ళు రెండు రాలాయి. ఎవడో రాయి తీసుకుని, ఆ ముల్లున్న అద్దం బద్దలుకొట్టి వచ్చాడు.

జేమ్స్ పది గజాల దూరంలో నిలబడి ఉన్నాడు. ఉన్నమాట చెప్పాలి, వాడికి ఆ చప్పుళ్ళు తియ్యగా ఉన్నాయి. ఒక్కొక్క దెబ్బ పడుతుంటే, ఇది రూబీ మణికట్టుకి, ఇది రూబీ జ్వరానికి, ఇది నా పంటికి అని పంచుకున్నాడు. తను చెయ్యెత్తకుండానే ఎనిమిది నెలల అప్పు తీరుతోంది. జాన్ అబద్ధం ఆడటం లేదని ఆ రోడ్డు మీద తెలిసినవాడు తనొక్కడే. నోరు తెరిస్తే దెబ్బలు ఆగుతాయి. తెరవకపోతే వీడు చస్తాడు. చావనీ అనుకున్నాడు.

జాన్ ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. రెండో కంటితో జనంలో వెతికి, జేమ్స్‌ని పట్టుకున్నాడు.

"బావా," అన్నాడు. "సెప్పు బావా. నువ్వు సెప్పు."

ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. జేమ్స్ నాలుక కదిలింది. అయినా మాట రాలేదు. రోడ్డు మీద పడి ఉన్న జాన్ సెల్‌ఫోను మోగితే, ఎవడో తీసి, "నీ మొగుణ్ణి మలుపుకాడ కట్టేసినాం, వొచ్చి శవాన్ని పట్టుకెల్లు," అని పెట్టేశాడు. అవతల రూబీ అని జేమ్స్‌కి తెలుసు. కొట్టుడు మళ్ళీ మొదలైంది. జాన్ ఇప్పుడు అరవడం కూడా మానేశాడు. తల వేలాడిపోయింది. జేమ్స్ అలాగే చూస్తున్నాడు.

చివరికి అప్పలసూరి రోడ్డు పక్కనుంచి పెద్ద బండరాయి ఎత్తుకొచ్చాడు. "లెగరా. నా దేముడి కాడికి నిన్నూ అంపేత్తాను," అని రెండు చేతులతో జాన్ తల మీదికి లేపాడు.

"ఆపండి!" అని జేమ్స్ అరిచాడు. "ఆడు నిజమే సెప్తన్నాడు. ఆడి ముల్లు నలభై అయిదే సూపించింది. గేరు ఏసినోణ్ణి నాను. తప్పు గేరేసినాను."

రాయి గాలిలోనే ఆగింది. "ఏటి?" అన్నాడు అప్పలసూరి.

"ముల్లు నలభై అయిదంటే బండి అరవై, సూరి మావా. నాలుగు రోజుల కిందటే తెలుసు నాకు. ఈడి మీద కచ్చతో తియ్యకుండా ఒగ్గేసినాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆరుగురూ ఇటు తిరిగారు. తమ్ముడు జేమ్స్ చేతిలోని స్పేనరే లాక్కున్నాడు. ఇద్దరు వాడి కుడిచేతిని కారు బానెట్టు మీద, బంతిపూల మధ్య అదిమిపట్టారు. "ఈ సేత్తోనేట్రా ఏసినావు?" అని తమ్ముడు మూడుసార్లు కొట్టాడు. మూడో దెబ్బకి వేళ్ళు వేళ్ళలాగా లేవు. జేమ్స్ రోడ్డు మీద పడ్డాడు. కాళ్ళు, కర్రలు మీద పడ్డాయి.

ఎవరో జాన్ కట్లు కోశారు. వాడు పాక్కుంటూ పారిపోతాడనుకున్నారు. పారిపోలేదు. తాటిచెట్టు పట్టుకుని లేచి, తూలుతూ వచ్చి, జేమ్స్ డొక్కలో తన్నాడు.

"టైరుకి సెప్పినాను కదరా! నీకు ఇనబడ్నేదా?"

"ఇనబడింది," అన్నాడు జేమ్స్.

జాన్ మళ్ళీ తన్నాడు. అప్పలసూరి మనుషుల కంటే గట్టిగా తన్నాడు. జేమ్స్ చేతులు అడ్డం పెట్టుకోలేదు.

ఆటో వచ్చి ఆగింది. రూబీ దిగింది. కర్రలూ నెత్తురూ చూసి ఆటోవాడు ఆమె కాలు నేలకి ఆనీ ఆనకముందే బండి తిప్పుకుని పారిపోయాడు. ఒక పక్క మొగుడు, వాడి కాళ్ళ కింద అన్న. రూబీ ఇద్దర్నీ చూసింది. ఇద్దరి దగ్గరికీ రాలేదు. ఉలవకుప్పలో ఒక ఆడమనిషి చీర మోకాళ్ళ పైకి తొలగి, మొహం మీద ఈగలు ముసిరి పడి ఉంటే, చుట్టూ ఇంతమంది ఉండి ఒక్కరూ గుడ్డ కప్పలేదు. రూబీ పోయి చీర సర్ది, తన పైట చెంగుతో ఈగలు తోలి, మొహం తుడవబోయింది. తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఓలమ్మో! ఊపిరుంది! ఈవిడికి ఊపిరుంది!"

అందరి కర్రలూ కిందకి దిగాయి. అప్పలసూరి పరిగెత్తుకొచ్చి భార్య ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. పెట్టి అలాగే చతికిలబడిపోయాడు.

"లెగండి! అంబులెన్సు వొచ్చేదాకా ఆగుద్దేటి? కారు తియ్యండి!" అని రూబీ అరిచింది. ఇందాక కారు అద్దం పగలగొట్టిన చేతులే ఇప్పుడు కారుని గట్టు నుంచి వెనక్కి తోశాయి. వెనకసీటులో రూబీ ఒడిలో దేముడమ్మ తల పెట్టుకుంది. అప్పలసూరి కాళ్ళు పట్టుకుని కింద ముడుచుకుని కూర్చున్నాడు. జేమ్స్ చెయ్యి పోయాక, ఆ బండి తోలగలిగేవాడు జాన్ ఒక్కడే. వాడికి కుడికన్ను ఒక్కటే కనిపిస్తోంది. జేమ్స్ విరిగిన చేతిని పొట్టకి అదుముకుని పక్కసీటులో పడ్డాడు.

"ఎడమ పక్క కనపడట్నేదు బావా," అన్నాడు జాన్.

"నాను సూత్తాను. నువ్వు తొక్కు," అన్నాడు జేమ్స్. "లారీ వొత్తంది... పోయింది. తొక్కు. ఇంకా తొక్కు. ఇప్పుడు డెబ్భై ఉంటాది, బ్రేకు మీద కాలెట్టుకో, సెక్‌పోస్టు."

ముల్లు పగిలిన అద్దం వెనక ఊగుతోంది, ఇద్దరూ దాన్ని చూడలేదు. ఏడు నిమిషాల్లో బొబ్బిలి ఆస్పత్రి గేటులో ఉన్నారు. దారిలో దేముడమ్మ ఒకసారి మూలిగిందని రూబీ చెప్పింది. అప్పలసూరి ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

దేముడమ్మని లోపలికి తీసుకుపోయారు. పావుగంట తరవాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు. పోయిందని చెప్పడం ఆమెకి ఇంకా అలవాటు కాలేదు. చెప్పి, చేతిలోని కాగితంలో రాయడానికి అడిగింది.

"లోపల రక్తం పోయింది. ఎన్నింటికి జరిగింది?"

"పదింటికండి," అన్నాడు జాన్.

ఆమె గోడగడియారం చూసింది. "మీరు లోపలికి తెచ్చేసరికి పదీ యాభై అయింది. ఎక్కడ జరిగింది?"

"రామభద్రపురం రోడ్డు మలుపుకాడండి. ఆరు కిలోమీటర్లు."

డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. "బండి ఉంది, డ్రైవరున్నాడు. ఆరు కిలోమీటర్లు రావడానికి యాభై నిమిషాలు పట్టిందా? ఓ అరగంట ముందు తెచ్చి ఉంటే ఆవిడ బతికేదేమో. అంతసేపు ఏం చేస్తున్నారయ్యా మీరు?"

రూబీ మొగుణ్ణీ, అన్ననీ మార్చి మార్చి చూసింది. జాన్ మొహం తిప్పుకున్నాడు. అప్పలసూరి అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తాడు పట్టుకున్నచోట తోలు లేచిపోయి ఉంది.

"కొడతన్నామమ్మా," అన్నాడు.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్న జేమ్స్ వైపు చూసింది. జేమ్స్ ఆ రోడ్డు మీద తను నిలబడిన చోటు గుర్తు చేసుకున్నాడు. తన నోరు మూసుకుని జాన్‌ని చంపుతున్నానని అనుకున్నాడు గాని, పది గజాల్లో ఇంకా ఊపిరి పీలుస్తున్న మనిషిని చంపుతున్నానని తెలియదు. మొదటి దెబ్బకే నోరు తెరిచి ఉంటే కర్రలు ఆగేవి. ఆగితే ఎవరో ఒకరు అటు చూసేవారు.

"నాను సూత్తన్నానమ్మా," అన్నాడు. "నిలబడి సూత్తన్నాను."

అప్పలసూరి లేచి వాడి దగ్గరికి వచ్చాడు. జేమ్స్ కళ్ళు మూసుకుని దెబ్బ కోసం చూశాడు. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి అప్పలసూరి వాడి పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు.